దొర లెన్సు, నలుగురు కొడుకులు

ఈ మధ్య మా వీధి కుర్రవాళ్ళు మెడలో కెమెరా వేలాడేసుకుని నా దగ్గరికి వస్తున్నారు. ఫోటోల పనిలో జీవితమంతా గడిపిన ముసలాయన ఉన్నాడని ఎవరో చెప్పారట. కూర్చోగానే అందరూ అడిగేది ఒకటే మాట. "తాతా, ఇంట్లో వాళ్ళను తీసేదానికి ఏ లెన్సు మంచిది?" ఎవరిని తీయాలనుకుంటున్నారో చెప్పరు. ఆ మనిషి ముసలామెనా, పసిబిడ్డా అని అడిగితే ఆలోచనలో పడతారు. ఇంట్లో గోడకు గోడకు మధ్య ఎంత చోటుందని అడిగితే నన్ను చాదస్తుడి కింద జమకట్టి, చేతిలోని లెన్సును చొక్కా కొసతో తుడుచుకుంటూ వెళ్ళిపోతారు. నాకు వాళ్ళ మీద కోపం లేదు. వాళ్ళకంటే పెద్ద మూర్ఖులకు నేను ఏళ్ళ తరబడి ఫోటోలు తీశాను. వాళ్ళలో ఒక కుటుంబం కథ చెబుతాను. వినేవాళ్ళు వినండి, లేదంటే మీ లెన్సులు మీరు తుడుచుకోండి.

తెల్లదొరల కాలం. కర్నూలులో కొండారెడ్డి బురుజుకు కాస్త దూరంలో ఒక స్టూడియో ఉండేది. నేను అందులో పనివాణ్ణి, యజమాని వేరే. లోపల గోడకు ఒక రంగుల తెర కట్టి ఉండేది. దాని మీద నిండు సరస్సు, హంసలు, దూరంగా ఏదో మంచుకొండ. బయట తుంగభద్ర ఎండిపోయి జనం ఇసుకలో చెలమలు తవ్వుకుంటున్న రోజుల్లో కూడా మా తెర మీది సరస్సులో చుక్క నీరు తగ్గేది కాదు. చెలమ నీళ్ళు తాగి వచ్చినవాళ్ళు ఆ హంసల ముందు కూర్చుని, రాజావారి వేషంలో ఫోటో దిగి పోయేవాళ్ళు.

మా యజమానికి పని రాదని నేను అనను. వచ్చు. కానీ పనికంటే గొప్పలు ఎక్కువ వచ్చు. ఒకసారి ఎవరో దొర తన దేశానికి వెళ్ళిపోతూ బంగళా ముందు సామాన్లు అమ్మకానికి పెట్టాడు. కుర్చీలు, స్నానాల తొట్టి, ఒక ముసలి కుక్కతో పాటు పెద్ద ఇత్తడి లెన్సు కూడా ఉంది. మా యజమాని దాన్ని కొని, జట్కాలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. సొంత కొడుకు పుట్టినప్పుడు కూడా ఆయన బిడ్డను అంత జాగ్రత్తగా ఎత్తుకోలేదని వాళ్ళావిడే చెప్పింది.

మొదట్లో ఆ దొర సర్వే ఆఫీసరు. కొన్నాళ్ళకు మా యజమాని నోట్లోనే ఆయన కలెక్టరయ్యాడు. ఇంకొన్నాళ్ళకు ఆ లెన్సు గవర్నరుగారి మొహం చూసిన లెన్సయింది. దానికి ఎర్ర మఖమలు గుడ్డ పరిచిన పెట్టె చేయించారు. ఆయుధపూజ నాడు బొట్టు పెట్టి దండ వేశారు. ఆ ఇత్తడిని చింతపండుతో తోమే పని నాకు పడింది. దానికి 'దొర లెన్సు' అని పేరు కూడా స్థిరపడింది.

ఇక ఊరికి పిచ్చి పట్టింది. ఆ లెన్సుతో తీస్తే నల్లవాళ్ళు తెల్లగా పడతారన్నారు. అప్పుల్లో ఉన్నవాడు కూడా కలిగినవాడిలా కనిపిస్తాడన్నారు. పెళ్ళిళ్ళలో మగపెళ్ళివారు "మాకు పెద్ద లెన్సా, చిన్న లెన్సా?" అని అడిగి, చిన్నదంటే అలిగి విడిదిలోనే కూర్చున్న సంగతి నా కళ్ళతో చూశాను. ఎదురింటివాళ్ళకు పెద్ద లెన్సుతో తీసి, మాకు చిన్నదానితో తీస్తారా అని ఒకాయన ఫోటో చింపి మా మొహాన కొట్టాడు. ఆ ఫోటోలో ఆయన చక్కగా పడ్డాడు. అయినా చింపాడు.

నిజం చెప్పాలి. ఒక్క మనిషిని కూర్చోబెట్టి మొహం తీయడానికి ఆ దొర లెన్సును మించినది నేను చూడలేదు. కళ్ళు తేటగా, చెంపలు మెత్తగా పడేవి. కానీ అది చాలా పొడుగు చూపున్న లెన్సు. దూరం నుంచి కొంచెమే చూస్తుంది. పదిమంది ఉన్న కుటుంబాన్ని దానిలో ఇమడ్చాలంటే కెమెరాను వెనక్కి, ఇంకా వెనక్కి జరపాలి. మైదానంలో అయితే జరపవచ్చు. మన ఇళ్ళలో నాలుగడుగులు వెనక్కి వేస్తే వీపుకు గోడ తగులుతుంది.

ఆ పనికి స్టూడియోలో ఒక చిన్న లెన్సు ఉండేది. ఎప్పటిదో పాత చెక్క కెమెరాకు బిగించి ఉండేది. నల్లరంగు పెచ్చులూడి, వక్కల డబ్బీ అంత ఉండేది. ఎవరు చేశారో పేరు కూడా చెరిగిపోయింది. కానీ చిన్న గదిలో ఒక మూలన పెడితే గదంతా మింగేది. దానికీ ఒక జబ్బు ఉండేది. అంచుల్లో కూర్చున్నవాళ్ళ మొహాలు కాస్త గుమ్మడికాయల్లా సాగేవి. పైగా వెలుగును నిదానంగా తాగేది, మనుషులు కాసేపు కదలకుండా కూర్చోవాలి. అంటే రెండు లెన్సులకూ రెండు జబ్బులున్నాయి. ఏ పనికి ఏ జబ్బును ఓర్చుకోవాలో తెలుసుకోవడమే లెన్సును ఎంచుకోవడం. ఈ మాట చెబితే మా యజమాని నా వైపు జాలిగా చూసేవాడు.

ఇక ఆ కుటుంబం సంగతి. వాళ్ళు దూది వ్యాపారం చేసే సాయబులు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు. తండ్రి బతికినన్నాళ్ళు నలుగురు కొడుకులూ ఒకే కంచం చుట్టూ కూర్చుని తిన్నారు. తండ్రి పోయాక వ్యాపారం నాలుగు ముక్కలైంది, కొడుకులు నాలుగు వీధుల్లో ఇళ్ళు కట్టుకున్నారు. తల్లి మాత్రం పాత ఇంట్లోనే ఉండిపోయింది. కొడుకులు ఆమెను చూడడానికి వచ్చేవాళ్ళు గానీ ఒకరి తర్వాత ఒకరు వచ్చేవాళ్ళు. ఒకడి చెప్పులు గుమ్మం ముందు కనిపిస్తే ఇంకొకడు వీధి మలుపు నుంచే వెనక్కి తిరిగిపోయేవాడు. పండగ నమాజుకు కూడా నలుగురూ నాలుగు మూలల నిలబడేవాళ్ళని ఊరంతా చెప్పుకునేది.

ఆమె బంధువుల జట్టుతో హజ్ యాత్రకు బయలుదేరుతోంది. డోన్ మీదుగా గుంతకల్లు, అక్కడ నుంచి బొంబాయి, ఆ పైన ఓడ. ఆ రోజుల్లో ఆ వయసులో పోయినవాళ్ళు తిరిగి వస్తారన్న నమ్మకం ఎవరికీ ఉండేది కాదు. పోయేముందు ఆమె అడిగిన కోరిక ఒకటే. నలుగురు కొడుకులతో కలిసి ఒక ఫోటో దిగాలి, దాన్ని వెంట తీసుకుపోవాలి. నలుగురికీ కబురు పెట్టింది. ఒకడికి ఆదోనిలో బేరం ఉందట. ఒకడికి నడుము నొప్పట. మిగతా ఇద్దరూ వాళ్ళు వస్తే మేం రామన్నారు.

అప్పుడు ఊళ్ళో ఇంకొక దూది వ్యాపారి తన కుటుంబాన్ని నది ఒడ్డుకు తీసుకుపోయి దొర లెన్సుతో ఫోటో తీయించుకున్నాడు. దాన్ని కొట్లో గద్దె పైన గోడకు, వచ్చిపోయే బేరగాళ్ళందరికీ కనబడేలా వేలాడదీశాడు. అంతే, వీళ్ళ నడుము నొప్పులు కుదిరిపోయాయి. పెద్దకొడుకు స్వయంగా స్టూడియోకు వచ్చి, "మా కుటుంబాన్ని గూడా దొర లెన్సుతోనే తీయల్లప్పా. వాళ్ళదానికంటే పెద్దగా రావల్ల," అన్నాడు. తక్కిన ముగ్గురూ ఒప్పుకున్నారు. తల్లి పిలిస్తే రానివాళ్ళు లెన్సు పిలిస్తే వచ్చారు. నేను అక్కడే నిలబడి ఇత్తడి తోముతున్నాను.

ఇంటికి వెళ్ళి ఫోటో తీయాలంటే ముందురోజు చోటు చూసి రావడం మా అలవాటు. రెండు కెమెరాలూ మోయించుకుని నేను వెళ్ళాను. పరదా ఇల్లు, ఆమెను నది ఒడ్డుకు రమ్మనలేం. తీస్తే ఆ ఇంటి వాకిట్లోనే తీయాలి. వాకిలి మూడు పక్కల వసారాలతో అగ్గిపెట్టెలా ఉంది. దొర లెన్సును పెట్టి నల్లగుడ్డ కింద దూరాను. వీపుకు గోడ తగిలింది. అద్దంలో కనిపించేది కొంచెమే.

"ఏమప్పా, ఆ గుడ్డ కింద దూరి ఏం చూస్తాండావు?" అని వెనకనుంచి గొంతు వినబడింది. ఆ ముసలామె. తెల్లని దుప్పటి తల చుట్టూ కప్పుకుని ఉంది. మనిషి పిడికెడంత ఉన్నా కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి.

"వాకిలి ఎంత పడతాదో చూస్తాండానమ్మా."

"నన్ను గూడా చూడనీ."

అడ్డు చెప్పేలోగా గుడ్డ కింద దూరింది. కెమెరా వెనక అద్దం మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది. కాసేపటికి బయటికి వచ్చి నవ్వింది. "ఇల్లు తలకిందులుగా ఉండాదే!"

"అట్లనే పడతాదమ్మా. ఫోటో వేసినాక సరిగ్గా వస్తాది."

"సరిగ్గానే పడిందిలే. ఈ ఇల్లు తలకిందులై శానా దినాలాయ. ఇన్నాళ్ళకు ఒకరు ఉన్నది ఉన్నట్ల చూపించినారు."

నాకు నవ్వొచ్చింది. ఎవరు ఎక్కడ కూర్చోవాలో చూసుకోవాలి, గుర్తుకు ఏమైనా నాలుగు వస్తువులు పెట్టమన్నాను. ఆమె మధ్యలో పీట వేసి, అది తనదంది. పెద్దకొడుకు చోట రుబ్బురోలు దొర్లించింది. "వీడు యాడ పెడితే ఆడే. కదల్డు." రెండోవాడి చోట జల్లెడ పెట్టింది. "వీని దగ్గర ఏ మాటా నిలబడదు." మూడోవాడికి రోకలి తెచ్చి నిలబెట్టింది. "ఎవురిని దంచుదామా అని చూస్తాంటాడు." చిన్నవాడి వంతు వచ్చేసరికి చేట పెట్టి ఒక్క క్షణం ఆగింది. "వీడు మంచోడే. పెండ్లాము ఎట్ల ఊపితే అట్ల ఊగుతాడు." చెబుతూనే చేట మీది దుమ్ము కొంగుతో తుడిచింది.

మళ్ళీ గుడ్డ కింద దూరి చూసింది. ఈసారి నవ్వలేదు.

"రోలుండాది, జల్లెడుండాది. నా చిన్నోళ్ళిద్దరూ యాడప్పా?"

"ఈ లెన్సులో పట్టరమ్మా. వెనక్కి జరిపేదానికి చోటు లేదు."

"వాళ్ళను వదిలేసి ఫోటో తీస్తారా?"

చిన్న కెమెరా తీసి, వాకిలి మూల నీళ్ళ బానల పక్కన పెట్టి ఆమెను చూడమన్నాను. ఆమె చూసింది. "ఓయబ్బ! నలుగురూ ఉండారు. వసారా ఉండాది. కోళ్ళ గంప గూడా పడిందే! ఈ నల్లదానితోనే తీయి నాయనా. ఆ ఇత్తడిది వద్దు."

"మీ కొడుకులు ఒప్పుకోరమ్మా. దొర లెన్సయితేనే వస్తామన్నారు."

ఆమె పీట మీద కూర్చుంది. చాలాసేపు రోకలి వైపు చూసింది. "నేను ఆడికి పోయి అల్లాను అడిగేది వీళ్ళ కోసమే," అంది. "నాకేం కావల్ల ఇంక? ముసలి బుర్ర. దువా చేసేటప్పుడు ఒకని మొగం మతికి రాకపోతే వాడు నష్టపోతాడు కదప్పా. నలుగురినీ ముందర పెట్టుకుని అడగల్ల." తర్వాత నా వైపు తిరిగింది. "వాళ్ళకు ఆ ఇత్తడిది చూపించు. నాకు దీంతో తీయి. నేను దీని పక్కే చూస్తాంటా."

స్టూడియోకు తిరిగి వచ్చి మా యజమానికి చెప్పాను. దొర లెన్సులో నలుగురూ పట్టరన్న సంగతి ఆయనకు తెలియనిది కాదు. కానీ దొర లెన్సు చేతకానిది ఒకటుందని ఊరికి తెలియడం ఆయనకు ప్రాణసంకటం. ఆముదం తాగినట్టు మొహం పెట్టాడు. "ముసలామె ముచ్చట పడితే తీసుకో. వెలుగు చూసే పెట్టె అని చెప్తాలే. కానీ ఆ ఫోటో మీద మాత్రం మన స్టూడియో ముద్ర పడగూడదు. పరువు పోతాది," అన్నాడు.

మరునాడు ఉదయం నలుగురూ వచ్చారు. జరీ టోపీలు, అత్తరు వాసన, కిర్రుకిర్రుమనే కొత్త బూట్లు. ఒకరి మొహం ఒకరు చూడలేదు, అందరూ లెన్సు మొహమే చూశారు. పెద్దవాడు దాని ఇత్తడి మీద వేలు రాసి తన నీడ చూసుకున్నాడు. రెండోవాడు అది గవర్నరును తీసిన మాట నిజమేనా అని అడిగాడు. మా యజమాని, గవర్నరుతో పాటు గవర్నరు భార్యను కూడా తీసిందన్నాడు. అది నాకు కొత్త సంగతి.

ఆ తర్వాత కూర్చునే తగాదా మొదలైంది. వయసు ప్రకారం పెద్దవాళ్ళిద్దరూ తల్లికి చెరో పక్క కుర్చీల్లో కూర్చున్నారు. చిన్నవాడికి ఒక చివరి కుర్చీ, మూడోవాడికి రెండో చివరిది దొరికాయి. అందరిలోకీ ఎక్కువ ఆస్తి ఉన్నది అతనికే. "నేను అంచున కూర్చోను. నేనేమన్నా జీతగాన్నా?" అన్నాడు.

"పుట్టినప్పుడే ముందుగా పుట్టింటే మధ్యలో కూర్చుంటాంటివి," అన్నాడు రెండోవాడు.

వాళ్ళు లేచి నిలబడ్డారు. ఇక ఫోటో లేదు, అంతా అయిపోయిందనుకున్నాను. తల్లి ఒళ్ళో రెండు చేతులూ బిగించుకుని ఆ పిడికిళ్ళవైపే చూస్తోంది. అప్పుడు మా యజమాని దొర లెన్సు మీద చెయ్యి వేసి, "ఈ లెన్సుకు అంచనీ మధ్యనీ భేదం లేదు సాయబూ. దీని ముందర ఎవురు యాడ కూర్చున్నా దొర మాదిరే పడతారు," అన్నాడు. అంత పచ్చి అబద్ధం నేను అంతవరకు వినలేదు. మూడోవాడు నమ్మి కూర్చున్నాడు. ఆయన అబద్ధాల్లో అదొక్కటే ఒక మనిషికి మేలు చేసింది.

చిన్నవాడు నన్ను చూసి, "ఆ మూల ఆ కుంటి పెట్టె ఏంటికప్పా?" అని అడిగాడు.

"అది వెలుగు చూసేదానికి," అన్నాడు యజమాని.

"దాంతో మాత్రం మమ్మల్ని తీయొద్దు," అన్నాడు పెద్దవాడు. ఆ ఒక్క మాటలో నలుగురు అన్నదమ్ములూ ఏకమయ్యారు.

ఆ రోజుల్లో లెన్సు మూత తీసి, కాసేపుంచి వేయడమే ఫోటో తీయడం. మా యజమానికి ఒక అలవాటుంది. మూత తీసేముందు చేతిని మూత మీద పెట్టుకుని ఉపన్యాసం చేస్తాడు. లెన్సు ఏ దేశంలో పుట్టింది, ఏ దొర చేతికి వచ్చింది, ఏ మహానుభావుల మొహాలు చూసింది, ఇప్పుడు మీ మొహాలు చూడబోతోంది. ఆ ఉపన్యాసం అంటే నాకు ఏళ్ళుగా ఒళ్ళు మంట. కానీ అది వింటున్నంతసేపు కూర్చున్నవాళ్ళు రెప్ప కూడా వేయరు, ఊపిరి కూడా సరిగా తీయరు. నా చిన్న లెన్సుకు కావలసింది అదే. ఆయన గవర్నరు దాకా వచ్చేసరికి నేను మూలన నెమ్మదిగా మూత తీశాను.

నలుగురూ ఛాతీలు పొంగించి, గడ్డాలు పైకెత్తి దొర లెన్సులోకి చూస్తున్నారు. ఆమె ఒక్కతే నా మూలకు చూసింది. చూపు నా మీద కాదు, సూటిగా ఆ పెచ్చులూడిన లెన్సులోకి. నేను ఎన్నో వేల మొహాలు చూశాను, అంత నిలకడగా లెన్సులోకి చూసిన మొహం ఇంకొకటి గుర్తులేదు. నిదానంగా లెక్కపెట్టి మూత వేశాను. ఆ తర్వాత యజమాని దొర లెన్సు మూత కూడా తీసి, గాలిలో తిప్పి, వేశాడు. అప్పుడు కూడా ఆమె నా మూల నుంచి చూపు మరల్చలేదు.

ప్రయాణానికి ముందురోజు చిన్న ఫోటో తీసుకుపోయి ఆమె చేతికిచ్చాను. వాకిట్లో వెలుగుకు పట్టి చూసింది. ఒక్కో మొహం మీద వేలు పెట్టి నలుగురినీ తాకింది. చిన్నవాడి మొహం అంచున కాస్త వెడల్పుగా సాగింది. "బిడ్డ ఒళ్ళు చేసినాడు," అని మురిసిపోయింది. నేను అది లెన్సు జబ్బని చెప్పలేదు.

"ఒక్కడూ నా పక్క చూడ్లేదే," అంది తర్వాత.

నేను ఫోటో చుట్టి తెచ్చిన కాగితం మడత పెట్టుకుంటున్నాను.

"పోనీలే. అందురూ ఒక పక్కకే చూస్తాండారు. అది చూసి ఎన్నేండ్లాయనో." ఫోటోను నమాజుకు పరుచుకునే జానమాజ్ మడతలో పెట్టుకుంది. మరునాడు రైలెక్కింది.

దొర లెన్సు ఫోటో సంగతి చెప్పాలి. తల్లి, ఇద్దరు పెద్దకొడుకులు మహారాజుల్లా పడ్డారు. మూడోవాడివి ఒక చెవి, సగం చెంప పడ్డాయి. నాలుగోవాడివి మోకాలు, కొత్త బూటు. చిన్నవాళ్ళిద్దరూ స్టూడియో మీద విరుచుకుపడ్డారు. "మీరు కదిలినారు సాయబూ," అన్నాడు మా యజమాని నదురూ బెదురూ లేకుండా. అన్నలే చెప్పి తమను ఫోటోలోంచి కోయించారని వాళ్ళు తీర్మానించుకున్నారు. అంతవరకు మాటలే లేవు, అప్పటినుంచి తిట్లు మొదలయ్యాయి. ఆ లెన్సు అంతకంటే గొప్ప పని ఇంకొకటి చేసినట్టు నాకు తెలియదు.

ఆమె తిరిగి రాలేదు. మక్కాలోనే కన్నుమూసిందని, అక్కడి మట్టిలోనే పెట్టారని కొన్ని నెలలకు కబురు వచ్చింది. అందరూ అదృష్టవంతురాలన్నారు. కావచ్చు. నాకు మాత్రం ఆ చేట మీది దుమ్ము తుడిచిన చెయ్యి గుర్తొచ్చి ఆ రోజు అన్నం సహించలేదు.

కొన్ని రోజులకు పెద్దకొడుకు స్టూడియోకు వచ్చాడు. దొర లెన్సు ఫోటో చేతిలో ఉంది. "ఇంట్లో పెట్టుకునేదానికి అమ్మది ఇదొక్కటే ఉండాది. ఇందులో అమ్మ మా పక్క చూడకుండా యాడికో చూస్తాండాది. పలకరించేదానికి వచ్చినోళ్ళందురూ, ఏమప్పా, మీ యమ్మ మీ మీద మొగం తిప్పుకున్యాదా అని అడుగుతాండారు. ఇంకొకటేమన్నా ఉండాదా?" అని అడిగాడు. అతను అక్కడ ఉండగానే రెండోవాడు వచ్చాడు. అదే ప్రశ్న. ఆ తర్వాత చిన్నవాళ్ళిద్దరూ వచ్చారు. ఒకరినొకరు చూసి వెనక్కి తిరగబోయారు గానీ, తల్లి ఫోటో అడగడానికి వచ్చి మొహం చాటేయడం బాగుండదని నలుగురూ నాలుగు మూలలా కూర్చున్నారు.

నేను లోపలికి పోయి చిన్న లెన్సు బొమ్మ పడిన గాజు ప్లేటు నుంచి వేసి పెట్టిన ప్రింటు తెచ్చి బల్ల మీద పెట్టాను. నలుగురూ లేచి వచ్చి వంగి చూశారు. వసారా, నీళ్ళ బానలు, కోళ్ళ గంప. నలుగురూ ఉన్నారు, ఒక చెవి తక్కువ కాకుండా, ఒక బూటు ఎక్కువ కాకుండా. మధ్యలో తల్లి. చూసేవాళ్ళ కళ్ళలోకి సూటిగా చూస్తోంది.

చిన్నవాడు ఏడుపు ఆపుకోలేకపోయాడు. "అమ్మ నన్నే చూస్తాండాది," అన్నాడు.

రెండోవాడు చాలాసేపు చూసి నెమ్మదిగా అడిగాడు. "అమ్మ సరే. మేమందురం పక్కకు యాడ చూస్తాండామప్పా?"

"దొర లెన్సును చూస్తాండారు సాయబూ," అన్నాను.

మూడోవాడు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. నలుగురి తలలూ ఆ కాగితం మీద ఒకచోట చేరాయి. ఆ తలలు చూసి నేను, ఆ తల్లి మక్కాలో అడిగింది దక్కింది కాబోలనుకున్నాను. అంతలోకే మా యజమాని వచ్చి ఆ ఫోటో అంచున స్టూడియో ముద్ర టపీమని వేసి, "మా పనంటే ఇట్ల ఉంటాది," అన్నాడు.

ఆ వారంలోనే పెద్దవాడు ఒంటరిగా వచ్చాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి, ఆ ప్లేటు నుంచి అమ్మనూ తననూ మాత్రమే ఉంచి, మిగతా ముగ్గురినీ తీసేసి ఒక ఫోటో వేయమన్నాడు. మరో రోజు మూడోవాడు వచ్చాడు. అతనిదీ అదే కోరిక. తర్వాత రెండోవాడు. చివరికి, ఏడ్చినవాడు, ఆ చిన్నవాడు కూడా వచ్చాడు. తల తిప్పుకుని, అమ్మ పక్కన తానొక్కడే ఉండేలా వేయమన్నాడు. తక్కినవాళ్ళకు ఈ సంగతి చెప్పొద్దని నలుగురూ నన్ను బతిమాలారు.

నేను నలుగురికీ ఒకటే జవాబు చెప్పాను.

"మనుషుల్ని కోసి పక్కన పెట్టేదానికి ఆ పెద్ద లెన్సే కావల్ల సాయబూ. ఈ చిన్నదానికి ఆ పని రాదు."